ఒత్తు పట్టిన శావుకారు

గజపతినగరం బజారులో చింతపండు, బెల్లం వ్యాపారం చేసే కూర్మయ్య మంచి తిండిపుష్టి గల మనిషి. అలాంటివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. కాని కూర్మయ్య తింటూంటే పక్కవాళ్ళకి కూడా ఆకలి వేసేది. ఆయన ఆబగా తినేవాడు కాదు. విస్తరి ముందు కూచుని, వడ్డించినవన్నీ ఒకసారి కలయజూసి, వంటవాడి పేరు కనుక్కునేవాడు. పనసపొట్టు కూరలో ఆవ సరిగ్గా పడితే వంటవాణ్ణి పేరు పెట్టి పిలిచి మెచ్చుకునేవాడు. అరుగుదల లేదని మజ్జిగతో సరిపెట్టుకునే ముసలివాళ్ళు సైతం ఆయన్ని చూసి ఇంకో గారె వేయించుకునేవారు. అందుకే ఆ చుట్టుపక్కల ఎవరింట పెళ్ళయినా, "శావుకారూ, మీరు మొదటి బంతిలో కూకోవాల" అని ముందుగానే కబురు వచ్చేది.

మనిషి కూడా ఆ తిండికి తగ్గట్టే ఉండేవాడు. కొట్లో పరుపు మీంచి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యందించాలి. జట్కా ఎక్కితే బండి వెనక్కి వాలిపోతుందని తోలేవాడు బతిమాలి ముందు కూచోబెట్టుకునేవాడు. కూర్మయ్య నవ్వేవాడే గాని ఏమీ అనుకునేవాడు కాదు.

ఆయన భార్య నారాయణమ్మ. వాళ్ళకి పిల్లలు కలగలేదు. విజయనగరంలో బట్టలకొట్టు ఉన్న నారాయణమ్మ అన్న గణపతిరావుకి ఒక్కతే కూతురు, కన్యాకుమారి. ప్రతి వేసవికీ ఆ పిల్ల మేనత్త ఇంటికి వచ్చి సెలవులన్నీ అక్కడే గడిపేది. ఆ రోజులు తప్ప మిగిలిన ఏడాదంతా ఆ ఇంట్లో ఇద్దరే. ఇద్దరి మధ్యా పెద్దగా మాటలుండేవి కావు. ఆవిడ వండేది, ఆయన తినేవాడు, ఆవిడ ఇంకొంచెం వేసేది. వాళ్ళ కాపురం చాలామట్టుకు ఆ వంటింట్లో, ఆ విస్తరి దగ్గరే సాగింది.

కూర్మయ్యకి తెల్లవారుజామున కడుపులో మంట వచ్చేది. ఏదైనా తింటే తగ్గేది. అందుకని ఆయన ఇంకా తిన్నాడు. లోపల పుండు పడిందని ఎవరికీ తట్టలేదు. అరవై ఏడులో, వానలు మొదలైన రోజుల్లో, కొట్లో బేరం చేస్తూ చేస్తూ నెత్తురు కక్కుకుని పడిపోయాడు. రైల్లో విశాఖపట్నం తీసుకెళ్ళి పెద్దాసుపత్రిలో చేర్చారు. ఆపరేషన్ అయ్యాక డాక్టరు నారాయణమ్మని పిలిచి, పుండు లోతుగా పడిందనీ, కడుపు సంచీలో ముప్పాతిక భాగం కోసి తీసేశామనీ, ఇక మీద పసిబిడ్డకి పెట్టినట్టు కొంచెం కొంచెంగా పెట్టాలనీ చెప్పాడు.

"మళ్ళీ ఎప్పటికి మామూలుగా తింటారు బాబూ?" అని అడిగింది నారాయణమ్మ.

డాక్టరు ఆవిడకేసి జాలిగా చూశాడు. "ఇక ఇదే మామూలమ్మా" అన్నాడు.

దసరా వెళ్ళేసరికి కూర్మయ్య సగమయ్యాడు. లాల్చీలన్నీ వంకెకి తగిలించినట్టు వేలాడుతుండేవి. సంతకి వచ్చిన రైతులు కొట్టు ముందు ఆగి, "ఒరే, ఈయన కూర్మయ్య శావుకారేనేటి?" అని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకునేవారు. కొందరు, "కుర్రాడిలాగ అయిపోనారు బాబూ, ఇదే బాగుంది" అన్నారు. అందులో అబద్ధం లేదు. మోకాళ్ళ నొప్పులు పోయాయి. మేడమెట్లు ఆయాసం లేకుండా ఎక్కుతున్నాడు. పరుపు మీంచి తనంతట తనే లేస్తున్నాడు. ఒక రోజు స్నానం చేస్తూ తల వంచితే తన పాదాలు తనకి కనిపించాయి. ఎన్నో ఏళ్ళ తరవాత ఊరి నుంచి వచ్చిన చుట్టాల్ని చూసినట్టు వాటిని కాసేపు చూస్తూ ఉండిపోయాడు.

కాని ఆకలి చావలేదు. డాక్టరు సంచీని కోశాడు గాని ఆశని కొయ్యలేదు. నాలుగు ముద్దలకే గొంతు దాకా నిండినట్టు ఉండేది. నోరు మాత్రం అయిదో ముద్ద కోసం తెరుచుకుని ఉండేది. తీపి అసలే పనికిరాదు. ఒక రోజు అలవాటు కొద్దీ కొత్త బెల్లం రుచి చూద్దామని ఇంత ముక్క నోట్లో వేసుకున్నాడు. కాసేపటికి గుండె దడదడలాడి, ఒళ్ళంతా చెమట పట్టి, కళ్ళు తిరిగి బస్తాల మీద వాలిపోయాడు. ఆ తరవాత బెల్లం రుచి చూసి కొనే పని కొట్టు గుమాస్తా కూర్మానందానికి అప్పగించాడు. వాడు ముక్క కొరికి చప్పరిస్తుంటే కూర్మయ్య వాడి నోటికేసే చూస్తుండేవాడు.

ఇంట్లో సంగతి మరీ కష్టం. నారాయణమ్మ రాగులతో చోడి జావ కాచి, మెత్తటి అన్నం వండి, గిన్నెలో పెట్టి తెచ్చేది. అలవాటైన చెయ్యి ఊరుకోదు. ఇంకో గరిట వేయబోయేది. ఆయన విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆవిడ గరిటతో అలాగే నిలబడి, వెనక్కి తీసుకెళ్ళిపోయేది.

మాఘమాసంలో తోటి వ్యాపారి జగన్నాధం కొడుకు పెళ్ళయింది. అలవాటు ప్రకారం కూర్మయ్యని మొదటి బంతిలో నడిమధ్యన కూచోబెట్టారు. ఆయన కూడా ఎంతో ఆశతో వెళ్ళాడు. ఇన్నాళ్ళ తరవాత మళ్ళీ అరిటాకు వాసన, వేడి పప్పు మీద నెయ్యి పడ్డ వాసన. ఆకు నిండా వడ్డించారు. నాలుగు ముద్దలు తిని ఆయన ఆగిపోయాడు. పక్కవాళ్ళు ఆయన ఆకు వైపు చూశారు, తరవాత తమ ఆకుల వైపు చూసుకున్నారు. మాటలు తగ్గిపోయాయి. జగన్నాధం బూరెల బుట్టతో వచ్చి నిలబడ్డాడు.

"ఒక్కటి బావా. నా మాట తీసేయకు. మావోడి పెళ్ళికి నువ్వు బూరె తిన్లేదంటే నాకు వెలితిగా ఉంటాది."

ఆయన కాదనలేకపోయాడు. తిన్నాడు. అది కడుపులో పడి ఎంతోసేపు కాలేదు, చెమటలు కారి, మొహం పాలిపోయి, చేత్తో నేల పట్టుకున్నాడు. నలుగురు లేపి అరుగు మీద పడుకోబెట్టారు. సగం తిన్న విస్తళ్ళ ముందు నుంచి జనం లేచి వచ్చి చుట్టూ మూగారు. "ఏటయింది, ఏటయింది" అని ఒకటే గోల. బంతి అంతా చెడిపోయింది. కళ్ళు మూసుకుని పడుకున్న కూర్మయ్యకి ఒంట్లో బాధ కన్న అదే ఎక్కువ బాధ అయింది.

ఆ తరవాత ఆయన పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశాడు. కబురు వస్తే చదివింపులు పంపించి ఊరుకునేవాడు. ఇంట్లో కూడా మధ్యాహ్నం పోపు వాసన తగిలేసరికి గొడుగు పట్టుకుని లేచేవాడు. "డాక్టరు నడవమన్నాడు" అనేవాడు. ఎండలో పడి రైలుకట్ట దాటి, చంపావతి ఏటి ఒడ్డు దాకా వెళ్ళి, ఊరంతా భోజనాలు చేసి నడుం వాల్చే వేళకి తిరిగి వచ్చేవాడు.

ఆ దారిలోనే, ఊరి చివర, మేళగాళ్ళ ఇళ్ళు నాలుగైదు ఉన్నాయి. సన్నాయి వాయించే లక్ష్ముడు అక్కడ ఉంటాడు. చుట్టుపక్కల ఊళ్ళలో జరిగే పెళ్ళిళ్ళన్నిటికీ అతనే. ఒక రోజు కూర్మయ్య ఆ దారిన పోతుంటే పాక ముందు తాటాకు పందిరి కింద కూచుని లక్ష్ముడు ఒక్కడే వాయించుకుంటున్నాడు. కూర్మయ్య ఎండకి ఓర్చుకోలేక పందిరి రాట పక్కన నిలబడ్డాడు.

లక్ష్ముడు కంగారుగా లేచాడు. "ఏటి బాబూ, ఈ ఎండలో ఇలగొచ్చినారు? కబురంపితే నానే రాకపోదునా?"

"పనేం లేదురా. వాయించు. వింటాను."

లక్ష్ముడు మళ్ళీ వాయించాడు. కూర్మయ్య ఇన్నేళ్ళూ ఎన్నో పెళ్ళిళ్ళలో అతని సన్నాయి విన్నాడు. విన్నాడంటే, విస్తరి మీద ధ్యాస ఉండగా చెవిన పడింది. ఇవాళే మొదటిసారి విన్నట్టుంది. అయినా అందులో ఏదో లోటు తెలుస్తోంది.

"బాగుంది గాని లక్ష్ముడూ, ఏదో తక్కువైనట్టుందిరా. పెళ్ళిలో విన్నట్టు లేదు."

లక్ష్ముడు సన్నాయి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఒత్తు నేదు బాబూ" అన్నాడు.

పాకలో వాసానికి కట్టి ఉన్న పొడుగాటి గొట్టం చూపించాడు. అది సన్నాయి లాంటిదే. కాని దానికి వేళ్ళు ఆడించే బెజ్జాలు లేవు. ఒకటే స్వరం పలుకుతుంది. సన్నాయి పాడినంతసేపూ దాని వెనక తెగకుండా ఆ స్వరాన్ని పట్టి ఉంచడమే ఒత్తు పట్టేవాడి పని.

"మా తమ్ముడు సోములు పట్టీవోడు. పచ్చకామెర్లొచ్చి కిందటేడు పోనాడు. ఇంకో ఊరు నుంచి మనిషిని తెచ్చుకుని పెళ్ళిళ్ళు నడిపిస్తన్నాను గాని, ఆడి ఊపిరి మీద నా పాట కూకునీది బాబూ. ఇప్పుడు కాళ్ళకింద నేల నేదన్నట్టు ఉంటన్నాది."

కూర్మయ్య ఆ మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ పై రోజు కూడా వచ్చాడు. లక్ష్ముడు ఆయన కోసం పందిరి కింద ఒక మడత మంచం వేసి ఉంచడం మొదలుపెట్టాడు. ఒక్కోసారి ఇద్దరూ మాట్లాడుకునేవారు కూడా కాదు. లక్ష్ముడు వాయిస్తాడు, కూర్మయ్య వింటాడు. వింటున్నంతసేపూ ఊళ్ళో ఎవరి వంటింట్లో ఏం ఉడుకుతోందో ఆయన ముక్కుకి తట్టేది కాదు. మొత్తానికి ఒక రోజు అడిగేశాడు.

"లక్ష్ముడూ, ఆ ఒత్తు పట్టడం నేను నేర్చుకుంటే వస్తుందేటిరా?"

లక్ష్ముడు మొదట నవ్వాడు. ఆయన మొహం చూసి నవ్వు ఆపేశాడు. "అదేటి మాట బాబూ! మా నోట్లో ఎట్టుకున్నది మీరు నోట్లో ఎట్టుకుంతారేటి? ఎంగిలి. ఊరు మిమ్మల్నేటంటాది, నన్నేటంటాది?"

"కొత్త పీక కట్టు. నోట్లో పెట్టుకునే ముక్క అదే కదా."

"గొట్టం మాదే కదా బాబూ. అయినా మీకెందుకీ కర్మ?"

కూర్మయ్య నెమ్మదిగా అడిగాడు. "బంతి జరుగుతున్నప్పుడు మీరు తినరు కదా?"

"ఎలా తింతాం బాబూ? వాయిస్తాం. అందరూ తిన్నాకే మా కూడు."

"అదేరా. అందరూ తింటున్నప్పుడు తినకుండా అక్కడే కూచునే హక్కు మీకొక్కరికే ఉంది. ఎందుకు తినలేదని మిమ్మల్ని ఎవడూ అడగడు. నాకు పెళ్ళిళ్ళు కావాలిరా లక్ష్ముడూ. ఆ పందిరి, ఆ జనం, ఆ వాసన, ఆ గోల, అన్నీ కావాలి. నేను విస్తరి ముందు కూచుంటే అవన్నీ పాడైపోతున్నాయి."

లక్ష్ముడు లేచి వాసానికి కట్టిన తాడు విప్పాడు. తమ్ముడు పోయాక దాన్ని దింపడం అదే మొదటిసారి. పైపంచెతో దుమ్ము తుడిచి, "కడుపులో కుట్లు ఏటవుతాయో బాబూ" అన్నాడు.

"మానిపోయి ఏడాది కావస్తోంది."

"ఒత్తుకి పొట్టబలం అక్కర్నేదు లెండి. బుగ్గలు సాలు. బుగ్గల్లో గాలి దాసుకుని అది వదుల్తూ ముక్కుతో పీల్సుకోవాల. ఊపిరి ఆడతానే ఉండాల, సప్పుడు తెగకూడదు. అది వస్తే సాలు. అది రావడమే కట్టం."

గొట్టం ఇప్పుడే ముట్టుకోవద్దన్నాడు. పెరట్లోంచి బొప్పాయి ఆకు కాడ ఒకటి కోసి, చెంబు నిండా నీళ్ళు పోసి ఇచ్చాడు. కాడతో నీళ్ళలోకి ఊదాలి. బుడగలు ఆగకుండా రావాలి. ఆగకుండానే ముక్కుతో గాలి తీసుకోవాలి. కూర్మయ్య ఊదాడు. గాలి తీసుకోబోయేసరికి బుడగలు ఆగిపోయాయి. మళ్ళీ ఊదాడు. నీళ్ళు ముక్కులోకి పోయి దగ్గొచ్చింది. చొక్కా అంతా తడుపుకుని, మొహం ఎర్రగా చేసుకుని, చాలా రోజుల తరవాత కూర్మయ్య గట్టిగా నవ్వాడు.

ఇంటికి వెళ్ళి పెరట్లో కూచుని అదే పని. నారాయణమ్మ వంటింటి కిటికీలోంచి చూసింది. మొదట డాక్టరు చెప్పిన మందేమో అనుకుంది. తరవాత కొట్టు గుమాస్తా నోటి వెంట సంగతి తెలిసింది. ఆ మధ్యాహ్నం ఆయన గొడుగు తీసుకుంటుంటే గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"ఎక్కడికెల్తన్నారు?"

"నడవడానికి."

"నాకు తెలుసు ఎక్కడికో. సన్నాయోడి పందిట్లోకి. పెళ్ళిళ్ళలో బంతి పక్కన కూకుని ఊదుతారంట కదా. నా వంట వాసనొస్తే ఇంట్లోంచి లేచిపోతన్నారు. పరాయోళ్ళ పందిట్లో అదే వాసనకి కూకుంటారేటి? నా సెయ్యి అంత సేదయిపోయిందా?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ అలా గట్టిగా మాట్లాడడం అదే మొదలు. కూర్మయ్య గొడుగు గోడకి ఆనించాడు.

"సేదు కాదే. పరాయోళ్ళు వడ్డిస్తే వద్దనొచ్చు. నువ్వు వడ్డిస్తే వద్దనాల్సొస్తంది. కాపురానికొచ్చిన కాణ్ణించీ ఒక్కసారైనా నీ సేతికి అడ్డం పెట్టినానా? ఇప్పుడు రోజూ పెడతన్నాను. నువ్వు గరిటె పట్టుకుని ఎనక్కెళ్ళిపోతావు సూడు, అది సూళ్ళేక పోతన్నాను నారాయణా."

నారాయణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీరెళ్ళిపోయాక నేనొక్కద్దాన్నీ గోడకేసి సూసుకుంటా తింటన్నాను. ఏం తిన్నానో కూడా తెలీడం లేదు. మీరు తినకపోతే పోన్లెండి. ఎదురుగా కూకోండి. సాలు."

ఆ రోజు నుంచి ఆయన మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉండిపోయాడు. లక్ష్ముడి దగ్గరికి సాయంత్రం చల్లబడ్డాక వెళ్ళేవాడు. నారాయణమ్మ విస్తరి వేసుకుని కూచునేది. ఆవిడ ఎదుట పీట మీద కూర్మయ్య తన నాలుగు ముద్దలూ తినేసి, చెంబూ బొప్పాయి కాడా ముందు పెట్టుకునేవాడు. ఆవిడ తింటుంటే ఆయన ఊదేవాడు. బుడగలు ఆగిపోతే, నోట్లో ముద్ద ఉండగానే "తెగింది" అనేది. కొన్నాళ్ళకి అది ఇద్దరికీ ఆటలా అయింది. ఆవిడ కూడా ఇది వరకు ఎన్నడూ తనకోసం కూచుని తిన్న మనిషి కాదు. ఆయనకి వడ్డించాక మిగిలింది నిలబడో, కత్తిపీట పక్కన చతికిలబడో తినేసేది. ఇప్పుడు తనకేది ఇష్టమో ఆవిడకే కొత్తగా తెలుస్తోంది. తన కోసమని కందాబచ్చలి వండుకుంది. ఆయన చూస్తూ నోరూరి గుటకలు మింగాడు. బుడగలు తెగిపోయాయి. ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వాక ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

వానాకాలం దాటేసరికి బుడగలు తెగడం మానేశాయి. లక్ష్ముడు కొత్త పీక కట్టి గొట్టం చేతికిచ్చాడు. కూర్మయ్య ఊదిన మొదటి చప్పుడు గేదె అరిచినట్టుంది. పందిరి వెనక ఆడవాళ్ళు పకపకా నవ్వారు. లక్ష్ముడు నవ్వలేదు. "రోజూ పట్టండి బాబూ. అదే దారికొస్తాది" అన్నాడు. కార్తీకంలో ఒక సాయంత్రం స్వరం నిలిచింది. సన్నగా, వణుకు లేకుండా, నీళ్ళ ధారలా నిలిచింది. లక్ష్ముడు సన్నాయి అందుకుని దాని మీద వాయించడం మొదలుపెట్టాడు. వాయిస్తూ వాయిస్తూ కళ్ళు మూసుకున్నాడు. పాట అయిపోయాక కళ్ళు తెరిచి, "మావోడే కూకున్నాడనుకున్నాను బాబూ" అని మాత్రం అన్నాడు.

అరవై తొమ్మిది వైశాఖంలో కన్యాకుమారి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుది శ్రీకాకుళం. గణపతిరావు శుభలేఖ పట్టుకుని స్వయంగా వచ్చాడు. కూతుర్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. పెళ్ళికి లక్ష్ముడి మేళమే కావాలని కన్యాకుమారి ముందే పట్టుబట్టి ఒప్పించింది. అందులో ఒత్తు పట్టేది కూర్మయ్యేనన్న అసలు సంగతి మాత్రం గణపతిరావుకి ఇక్కడికొచ్చాకే తెలిసింది.

"బావా, నీకు మతి గాని పోయిందేటి?" అన్నాడు. "పిల్లకి మేనమావ లేని లోటు తీర్చి నువ్వు దగ్గరుండి పెళ్ళి జరిపించాల. అలాటిది మంగలోళ్ళ పక్కన కూకుని ఊదుతావా? శ్రీకాకుళం వాళ్ళు సూస్తే ఏటనుకుంటారు? మొదటి బంతిలో మగపెళ్ళివారి ఎదురుగా నీకు విస్తరేస్తాను. తినకపోతే మానెయ్. కూకో అంతే."

కూర్మయ్య తల వంచుకున్నాడు. బావమరిది మాట కాదనడం ఆయన వల్ల కాదు. నారాయణమ్మ ఏదో అనబోయింది. ఈలోపు కన్యాకుమారి అందుకుంది.

"నాన్నా, జగన్నాధంగారింటి పెళ్ళిలో ఏమైందో అత్త నాకు చెప్పింది. మావయ్యని విస్తరి ముందు కూచోబెడితే అందరూ ఆయన ఆకులోకే చూస్తారు. ఒకళ్ళు జాలి పడతారు, ఒకళ్ళు బూరె తినమంటారు. మేళంలో కూచుంటే ఎవరికీ ఏదీ చెప్పుకోక్కర్లేదు. నా పెళ్ళిలో మావయ్య మొహం దించుకుని కూచుంటే నాకేం బాగుంటుంది చెప్పు?"

"నువ్వు సదువుకున్నావే తల్లీ, కులం పెద్దలకి నేను సమాధానం సెప్పుకోవాల."

"చెప్పు. మా బావకి సన్నాయంటే ఇష్టమని చెప్పు. అబద్ధం కాదుగా."

గణపతిరావు విసుక్కున్నాడు, ఒకసారి చెల్లెలి మొహం చూశాడు. చివరికి, "అయితే పందిట్లో ఓ మూల రాట ఎనకాల కూకో. ఎదురుగుండా వద్దు" అన్నాడు. అంతకన్న ఆయన దిగలేడని తెలిసి కూర్మయ్య అంతమాత్రానికే సంతోషించాడు.

పెళ్ళి విజయనగరంలో, పొద్దుటి ముహూర్తం. తలంబ్రాలయ్యాక పెద్ద పందిట్లో బంతులు వేశారు. రాట వెనక లక్ష్ముడు, డోలువాడు, తాళం వేసేవాడు, వాళ్ళ పక్కన చాప మీద పట్టు కండువాతో కూర్మయ్య. ఆకులు పరిచారు. నీళ్ళు చిలకరించారు. లక్ష్ముడు కన్ను సైగ చేశాడు. కూర్మయ్య పీక నోట పెట్టుకుని స్వరం పట్టాడు.

అప్పుడు వాసనలు మొదలయ్యాయి. పులిహోరలో ఇంగువ, గుమ్మడికాయ దప్పళం, వేగిన మినపగారెలు. తరవాత పనసపొట్టు, దాంట్లో ఆవ. ముక్కుతో ఊపిరి తీసుకోవాలి కాబట్టి తప్పించుకునే దారి లేదు. తీసుకున్న ప్రతి ఊపిరితోనూ ఆ వాసన లోపలికి పోతోంది. ఒక్కొక్క వంటకం పేరూ ఆయన మనసులో అనుకుంటున్నాడు. ఆవ కొంచెం ఎక్కువైంది అనుకున్నాడు. దప్పళం మాత్రం సరిగ్గా కుదిరింది. నోరంతా నీళ్ళూరిపోతోంది, గొట్టం తడిసిపోతోంది. ఇంత కోరిక తనలో ఇంకా ఉందా అని ఆయనకే ఆశ్చర్యమేసింది. అది తగ్గలేదు. ఇక ముందు కూడా తగ్గదని ఆయనకి అక్కడ, ఆ చాప మీద అర్థమైంది. అయినా లేచి పోవాలనిపించలేదు. జనం తింటున్నారు, గట్టిగా మాట్లాడుకుంటున్నారు, ఇంకో గారె వేయమంటున్నారు. ఎవరూ ఆయన వైపు చూడడం లేదు. నారాయణమ్మ నేతిగిన్నె పట్టుకుని వరసలో వస్తూ రాట దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగి, స్వరం విని, ముందుకి సాగిపోయింది.

మగపెళ్ళివారిలో ఒక పెద్దాయన చెయ్యి కడుక్కుంటూ గణపతిరావుని అడిగాడు. "ఆ పట్టు కండువా ఆయనెవరండీ? మేళగాడిలా లేడే?"

గణపతిరావు తడబడ్డాడు. తరవాత మెడ నిటారుగా పెట్టి, "మా బావ. చెల్లెలి పెనిమిటి" అన్నాడు. "సన్నాయంటే ఆయనకి పేణం."

"ఒత్తు బాగా పట్టాడండీ. ఎక్కడా తెగలేదు" అన్నాడు ఆ పెద్దాయన.

అందరి భోజనాలూ అయ్యాక మేళగాళ్ళకి పెరట్లో ఆకులు వేశారు. లక్ష్ముడు మొహమాటపడుతూ, "మీరు లోపలికెళ్ళండి బాబూ" అన్నాడు. కూర్మయ్య వెళ్ళలేదు. వాళ్ళ వరసకి కొంచెం ఎడంగా పీట వేయించుకుని కూచున్నాడు. నారాయణమ్మ వచ్చి మేళగాళ్ళందరికీ తనే వడ్డించింది. లక్ష్ముడికి రెండోసారి, మూడోసారి వేసింది. అతను వద్దంటే వినలేదు. భర్త ముందు చిన్న ఆకు వేసి కాస్త పెరుగన్నం పెట్టింది. ఆయన తింటున్నంతసేపూ పక్కనే కూచుంది.

ఎండ వాలాక అప్పగింతలు. పాలలో ముంచిన కన్యాకుమారి చేతుల్ని తీసి అత్తగారి చేతుల్లో, మామగారి చేతుల్లో పెడుతున్నారు. గణపతిరావు కండువాతో మొహం కప్పుకున్నాడు. నారాయణమ్మ మేనకోడల్ని పట్టుకుని వదలలేకపోతోంది. వేసవి సెలవులకి వచ్చిన ఆ పిల్లకి జడలు వేసింది, గోరుముద్దలు పెట్టింది ఆవిడే. కన్యాకుమారి అత్త భుజం మీంచి తల ఎత్తి మేళం వైపు చూసింది. ఇప్పుడు కూర్మయ్య రాట వెనక లేడు. వీధి గుమ్మం దగ్గర లక్ష్ముడి పక్కన నిలబడి ఉన్నాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు.

లక్ష్ముడు అప్పగింతల పాట ఎత్తుకున్నాడు. కూర్మయ్య స్వరం పట్టాడు. ఏడుపు వస్తే ఊపిరి తెగుతుంది. ఊపిరి తెగితే పాట కింద ఆధారం పోతుంది. బుగ్గల నిండా గాలి పట్టి, ముక్కుతో పీల్చుకుంటూ నిలబడ్డాడు. కళ్ళవెంట నీళ్ళు కారి బుగ్గల మీదుగా గొట్టం మీదకి జారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. స్వరం మాత్రం తొణకలేదు.

పిల్లని కారెక్కించారు. కారు బయల్దేరి వీధి మలుపు తిరిగి శ్రీకాకుళం రోడ్డెక్కింది. పాట ముగించి లక్ష్ముడు సన్నాయి దింపాడు. డోలు ఆగిపోయింది. జనం లోపలికి మళ్ళుతున్నారు. ఒత్తు ఇంకా పలుకుతూనే ఉంది. కూర్మయ్య కారు వెళ్ళిన వైపే చూస్తూ ఊదుతున్నాడు.

లక్ష్ముడు ఇంతవరకూ ఆయన్ని ఎప్పుడూ ముట్టుకోని మనిషి. ఇప్పుడు ఆయన మోచెయ్యి మెల్లగా పట్టుకున్నాడు.

"సాల్లెండి బాబూ" అన్నాడు. "ఎల్లిపోనారు."